తపతీతీరమున సువార్త

సూరతు నగరమున కతార్‌గాం దర్వాజా చెంత ఆంగ్లేయుల పురాతన శ్మశానవాటిక యొకటి కలదు. అందు ప్రవేశించిన తెలుగువానికి మొదట స్ఫురించునది గోలకొండ గోపురములే కాని క్రైస్తవుల సమాధులు కావు. 1659లో మృతినొందిన క్రిస్టఫర్ ఆక్సెండెను మీదను, 1669లో మృతినొందిన అతని సోదరుడును, సూరతు వర్తకశాల కధ్యక్షుడునగు సర్ జార్జి ఆక్సెండెను మీదను లేచిన యా కట్టడములు గుమ్మటములతో, కమానులతో, స్తంభములతో మొగలాయి సర్దారుల గోరీలతో పోటీపడుచున్నవి. అనతిదూరమున డచ్చివారి వాటికలో, మలబారు దేశపు ఓషధులనుగూర్చి 12 సంపుటముల మహాగ్రంథమును కూర్పించిన వాన్ రీడే 1691లో మృతినొంది ఖననము చేయబడెను. ఇంతటి వైభవముతో మట్టిలో కలిసిన యీ వర్తకులందరును క్రైస్తవులే, ప్రతిదినము ప్రార్థనచేసినవారే, ఐనను తాము అన్నముతిన్న యా నగరపు భాషలో తమ విశ్వాసమునుగూర్చి వారొక వాక్యమైనను వ్రాసియుంచిన జాడ కానరాదు. ఆ వాక్యమును వ్రాయుటకు రెండువందల యేండ్ల తరువాత వేఱొక తెగ మనుష్యులు రావలసివచ్చెను. వారి సమాధులను వెదకికొని పోవువారు నేడు లేరు. ఆ రెండువందల యేండ్ల మౌన మెట్టిది, అది యెట్లు భగ్నమయ్యెను అనునదే నేను చెప్పదలచిన కథ.

తెలుగువారికి సూరతు పరాయి యూరు కాదు. తెలంగాణమునుండి వలసపోయిన పద్మశాలీలు అక్కడి మరమగ్గములపై నేటికిని జీవించుచున్నారు. లింబాయత్ వీథులలో తెలుగు మాట వినబడును. ఆ నగరపాలక సంస్థ తెలుగు మాధ్యమమున బడులను సైతము నడపినది. చరిత్రలోను బందరును సూరతును కవలపిల్లలవలె పెరిగినవి. ఆంగ్లేయులు 1611లో బందరునందు వర్తకశాల నెలకొల్పిరి. మఱుసటి సంవత్సరమే కెప్టెన్ బెస్టు సూరతు సమీపమున స్వాలీ రేవుచెంత పోర్చుగీసు నావలతో పోరి అచ్చట కాలూనెను. తూర్పు తీరపు కలంకారీ వస్త్రమును పడమటి తీరపు పట్టువస్త్రమును ఒకే కంపెనీ పద్దుపుస్తకములలో ప్రక్కప్రక్కన వ్రాయబడినవి. రెండు రేవులును పిమ్మట క్షీణించిన విధముకూడ నొక్కటే: ఒకదాని ప్రాధాన్యమును మదరాసు గ్రహించెను, రెండవదానిని బొంబాయి మ్రింగెను.

సూరతు నాటి ధార్మికజీవనము మిక్కిలి విచిత్రమైనది. మక్కాయాత్రికులు ఆ రేవుననే నావల నెక్కుటచే దానిని మక్కాద్వారమని పిలిచెడివారు. జైనవర్తకులు వృద్ధపశువులకును, కాలువిరిగిన పక్షులకును పాంజరాపోలు కట్టించి పోషించుచుండిరి. పారసీకులు తమ యగ్నిని కాపాడుకొనుచుండిరి. బోహరాలు, అర్మీనియనులు, బ్రాహ్మణులు ఎవరి వాడలో వారు, ఎవరి దైవము నెదుట వారు నిలిచి, బజారులో మాత్రము ఒకరితో నొకరు బేరమాడుకొనుచుండిరి. మతము పుట్టుకతో వచ్చునది, ఇంటిపేరువంటిది; దానిని ఇరుగుపొరుగువారికి పంచిపెట్టవలెనన్న తలంపు ఆ వర్తకులలో ననేకులకు కలలోనైనను కలుగలేదు. క్రైస్తవమైననో మొదటినుండియు వేఱు స్వభావము కలది. పునరుత్థానుడైన యేసు తన శిష్యులను కొండమీదికి పిలిచి సర్వజనులయొద్దకు పొండని యాజ్ఞాపించిన ఘట్టముతో మత్తయి సువార్త ముగియుచున్నది. ఆ గ్రంథమునకు ఉపసంహారము ప్రయాణాజ్ఞయే! అపొస్తలుడను పదమునకు అర్థమే పంపబడినవాడని. కనుక ఆ మతమున సువార్తప్రకటన మనునది తీరికవేళల చేయు ధర్మకార్యము కాదు. ఆ విశ్వాసము ఊపిరిపీల్చు విధమే యది. ఈ భావము మన తెలుగు నేలకు క్రొత్తదియు కాదు. కాశ్మీర గాంధార చీనాది దేశములను ప్రసన్నములుగావించిన సింహళ భిక్షువులను స్మరించు శాసనము నాగార్జునకొండలో లభించినది. చెప్పుటకై నడచిపోయిన వారి పాదధూళి కృష్ణాతీరమునను పడియున్నది.

క్రైస్తవ సన్న్యాసులు సూరతునకు చాలకాలము క్రిందటనే వచ్చిరి. అక్బరు తనకడకు క్రైస్తవ పండితులను పంపుడని గోవాకు కబురంపగా, రుడోల్ఫు అక్వవివా, మోన్సెరాతె మొదలగు జెస్యూటు గురువులు 1579లో బయలుదేరి సూరతు మీదుగానే ఫతేపూరు సిక్రీకి ఏగిరి. కాని వారి చూపు చక్రవర్తిమీదనేయుండెను. రాజు మాఱిన ప్రజ మాఱునన్న యాశ అది. రాజు మాఱలేదు. దారిలోనున్న సూరతు వారికి విడిదిమాత్రమే యయ్యెను.

ఆంగ్లేయులతోడ వచ్చిన గురువుల కథ యింకొక విధము. కంపెనీ తన యోడలలోను వర్తకశాలలలోను చాప్లెనులను నియమించుచుండెను. వారి పని ఉద్యోగుల యాత్మలను కాపాడుట, వివాహములు చేయించుట, మృతులను పాతిపెట్టుట. ఐనను వారిలో నొకరిద్దరి చూపు గోడకావలికి ప్రసరింపకపోలేదు. స్వాలీ యుద్ధము చేసిన బెస్టు నావికాదళమున పాట్రిక్ కోప్లండను చాప్లెను ఉండెను. ఆయన బంగాళాఖాత తీరమున పుట్టిన యొక బాలునకు ఇంగ్లీషును మతవిషయములును నేర్పి 1614లో తనతో సీమకు కొనిపోయెను. ఆ బాలునకు 1616 డిసెంబరు 22వ తేదీన లండనులో బాప్తిస్మ మిచ్చిరి. పీటరను పేరును ఇంగ్లండు రాజగు జేమ్సే నిర్ణయించెను. ఆ పిల్లవాని కన్నతల్లి యెవరో, ఆమె పిలిచిన పేరెద్దియో చరిత్ర చెప్పదు. తూర్పుతీరపు బాలుడు, పడమటితీరమున పోరిన నావికాదళపు గురువు, లండను నగరపు దేవాలయము: ఆనాటి ప్రేషణకార్య మంతయు ఈ యొక్క సంఘటనలో నిమిడియున్నది. మనుష్యుని తన భాషనుండి పెకలించి తెచ్చి తమ భాషలో విశ్వాసము నేర్పిరే కాని, విశ్వాసమునే ఆతని భాషలోనికి కొనిపోవలెనని యెవరికిని తోచలేదు.

సూరతు చాప్లెనులలో హెన్రీ లార్డు చెప్పదగినవాడు. ఆయన 1630లో బనియా వర్తకుల మతమును, పారసీకుల మతమును వివరించుచు ఒక గ్రంథము ప్రకటించెను. ఆ రెండు సమాజములనుగూర్చి ఐరోపావారికి లభించిన తొలి విపులవృత్తాంతములలో అది యొకటి. దానిని తూలనాడుట సులభము, ఏలయన లార్డు తాను విన్నదానిని ఖండించుటకే వినెను. ఐనను వినెను! తన యింటిగోడ ప్రక్క నివసించు మనుష్యుడు దేవునిగూర్చి యేమి తలంచుచున్నాడో తెలిసికొనవలెనన్న కుతూహలము మిరియములు తూచు వర్తకులకు కలుగలేదు, గురువునకు కలిగెను. 1689లో వచ్చిన ఓవింగ్టనను మఱొక చాప్లెను సూరతు సముద్రయానమునుగూర్చి 1696లో ప్రకటించిన గ్రంథము నేటికిని చరిత్రకారుల కాధారము. కాని వారి ప్రసంగములు విన్నవా రెవ్వరు? బల్లచుట్టు కూర్చున్న తెల్లవారు. కంపెనీకి కావలసినదియు నంతే. మతము కదలిన బేరము చెడును అన్నది దాని దృఢవిశ్వాసము.

ఇదే కాలమున ఫ్రెంచి కపూచిను సన్న్యాసు లొక చిన్న యింట సూరతున నివసించుచుండిరి. 1664 జనవరిలో శివాజీ సూరతును కొల్లగొట్టినపుడు కోటీశ్వరుల మేడలు నేలమట్టమయ్యెను. ఆంగ్లేయులును డచ్చివారును తుపాకులతో తమ గోడలను కాచుకొనిరి. కపూచినులకు తుపాకులు లేవు. ఆంబ్రోజను ఆ పెద్దగురువు నింటిని మాత్రము ముట్టవలదని, ఫిరంగి పాదిరులు మంచివారని శివాజీ కట్టడచేసినట్లు, ఆ కాలమున భారతదేశముననే యున్న బెర్నియే వ్రాసినాడు. ధనము లేకపోవుటయు నొక కారణమై యుండవచ్చును. కాని అటువంటి ఖ్యాతి శత్రుసేనాపతి చెవివఱకు పోవలెనన్న, ఆ సన్న్యాసులు వీథిలో ఎట్లు నడచియుందురో, ఎవరి గుమ్మముల ముందు నిలిచియుందురో ఊహించుకొనవలసినదే. ఆంబ్రోజుగారి బోధ యెవరిని మార్చినదో నే నెఱుగను. ఆయన నడవడి మాత్రమొక నగరపు విధ్వంసములో ఒక యింటిని నిలిపెను.

మతాంతరీకరణమనగానే మన దేశమున కలుగు భయమునకును సూరతు చరిత్రలో వేళ్లున్నవి. వానిని దాటిపోవుట న్యాయము కాదు. 1669లో నగరపు ఖాజీ బనియాలను బలవంతముగ తన మతమున కలుపుకొనుచున్నాడని యాగ్రహించి, సుమారు 8,000 మంది వర్తకులు ఇండ్లువాకిండ్లు విడిచి భరూచికి తరలిపోయిరి. అంగళ్లు మూతపడెను, టంకశాల నిలిచిపోయెను. ఆ మహాప్రస్థానమునకు నాయకుడు ఆంగ్లకంపెనీ దళారియైన భీమజీ పారేఖు. ఔరంగజేబునుండి అభయము లభించినపిమ్మట గాని వారు మరలిరాలేదు. రక్తబిందువు చిందింపక, ఆయుధ మెత్తక, విశ్వాసమును బలము మార్పజాలదని ఒక నగరము చెప్పిన తీర్పు అది.

ఆశ్చర్యమేమనగా, ఆ భీమజీ పారేఖే సూరతున ముద్రణయంత్రము కావలెనని కోరిన తొలివాడు. బ్రాహ్మణుల ప్రాచీనగ్రంథములను అచ్చువేయింపవలెనని ఆయన తలచి, 1670లో కంపెనీ నర్థించి, సీమనుండి యంత్రమును ముద్రాపకుని రప్పించెను. హెన్రీ హిల్సు అను నా ముద్రాపకుడు 1674లో బయలుదేరి వచ్చెను గాని బనియా లిపిలో అచ్చులు పోయుట యతనికి చేతకాకపోయెను. గుజరాతీలు లెక్కలు వ్రాసికొను ఆ చిన్న వంపుల లిపి సీసములోనికి దిగలేదు. భీమజీ తన సొమ్ము పోగొట్టుకొనెను. సుమారు నూటయేబది సంవత్సరముల పిమ్మట అదే నగరమున, అదే కోరిక, వేఱొక గ్రంథముకొఱకు నెఱవేరెను. హిందూగ్రంథములకై యొక హిందువు కన్న కల క్రైస్తవ పాదిరుల చేతులలో ఫలించుట చరిత్రకు సహజమైన వింతలలో నొకటి. దానిని తలచునప్పుడెల్ల భీమజీకి ఒక నమస్కారము చేయవలెనని నాకు తోచును.

1698 నాటి సన్నదులో చాప్లెనులు దేశభాషలు నేర్చి కంపెనీ సేవకులగు హిందువులకు బోధింపవలెనను నిబంధన యుండెను. అది కాగితముమీదనే యుండెను. పదునెనిమిదవ శతాబ్దాంతమున ఇంగ్లండులో క్రొత్త మతోత్సాహము చెలరేగి 1795లో లండను మిషనరీ సొసైటీ యవతరించెను. కంపెనీ నావలలో మిషనరీలకు చోటు దొరకదు; ఐనను 1804లో ఆ సొసైటీ భారతదేశమునకు తన తొలి బృందమును పంపెను. తెలుగువారు ఈ బృందమును మఱువరాదు. అందు జార్జి క్రాను, ఆగస్టసు డెస్ గ్రాంజెసు అనువారు 1805లో విశాఖపట్టణము చేరిరి. లవ్‌లెస్సు, డాక్టరు జాన్ టేలరు అనువారు సూరతునకని యుద్దేశింపబడిరి. విశాఖకు వచ్చినవారు నిలిచిరి. ఆనందరాయరను బ్రాహ్మణ క్రైస్తవుని తోడ్పాటుతో తెలుగు సువార్తలకు పూనుకొని, క్రాను 1809లోను డెస్ గ్రాంజెసు 1810లోను ఆ యెండలకే బలియైరి. సూరతునకు బయలుదేరినవారో, ఒకరు మదరాసులోనే యుండిపోయిరి. మఱొకరు పశ్చిమతీరము చేరియు ప్రభుత్వోద్యోగమున ప్రవేశించిరి. ఒకే బృందమునుండి ఒక తీరమున గింజ మొలిచెను, మఱొక తీరమున మొలవలేదు. ఉద్యోగములో ప్రవేశించిన యా వైద్యుని నేను నిందింపను. ఆ కాలపు ఏకాంతము, అనిశ్చితి తెలిసినవారెవ్వరును నిందింపరు. కాని ఆజ్ఞ వినబడియు కాలు కదలని దినములు ప్రతి విశ్వాసికిని కలవని ఆతని చరిత్ర చెప్పుచున్నది.

1813లో పార్లమెంటు కంపెనీ సన్నదును తిరుగవ్రాసి మిషనరీలకు ద్వారము తెఱచెను. రెండేండ్లలో, 1815లో, జేమ్సు స్కిన్నరు, విలియం ఫైవీ అను నిరువురు యువకులు సూరతున దిగిరి. అప్పటికి ఆ నగరము తన పూర్వవైభవమునకు నీడవలె నుండెను. తపతీముఖము పూడుకొనిపోయెను; వర్తకులు బొంబాయికి తరలిరి; 1800లోనే నవాబు పరిపాలనాధికారము లేని పెన్షనుదారుడయ్యెను. గోడల మధ్య ప్రార్థించిన పాత చాప్లెనులకు లేని యొక నిర్బంధము ఈ యువకులకు కలిగెను: తమకు చెప్పవలసిన మాట యున్నది, చెప్పుటకు భాష లేదు. వారు పిల్లలవలె అక్షరములనుండి ప్రారంభించిరి. చాలినంత వ్యాకరణము లేదు, చాలినంత నిఘంటువు లేదు. బజారులో కూరలమ్మువాడే ఉపాధ్యాయుడు. పండితునియొద్దకు పోయిన సంస్కృతము పలుకును, పారసీకునియొద్దకు పోయిన ఫారసీ కలిసిన గుజరాతీ పలుకును, పల్లెవాని నోట మఱొక రూపము. ఈ మూటిలో దేవుడు ఏ నుడికారమున మాటలాడవలెను? కృప యనినచో రాజు దయవలె ధ్వనించును. పాపమనినచో ముట్టరాని వస్తువును ముట్టినదోషముగ నర్థమగును. పునర్జన్మమనినచో జన్మపరంపర స్మరణకు వచ్చును. మన తెలుగు అనువాదకులు సైతము ఇవే గుండములలో ఈదిరి. ఇట్టి పదనిర్ణయమున గడచిన రాత్రులే నా దృష్టిలో నిజమైన సువార్తసేవ. వీథిమూలలలోని ప్రసంగములు దాని వెలుపలి యంగములు.

శ్రీరాంపురమున కేరీ బృందము గుజరాతీ నూతననిబంధనమును 1820లో ముద్రించి, మిగిలిన పనిని సూరతువారికి విడిచెను. సూరతు మిషనువారు యంత్రమును తెప్పించుకొని 1821లో తమ నూతననిబంధనమును, 1823లో పాతనిబంధనమును పూర్తిచేసిరి. సూరతు అచ్చుకూట మట్లు ప్రారంభమై, మిషను ప్రెస్సను పేర తరతరములు నడచెను. అచ్చులు పేర్చువాడు గుజరాతీ. సిరా రాయువాడు గుజరాతీ. తప్పులు దిద్దునపుడు ఈ మాట మేమనము దొరా యని చెప్పినవాడును గుజరాతీయే యై యుండవలెను. అట్టివారి పేర్లు ముఖపత్రములకెక్కలేదు. స్కిన్నరు నూతననిబంధనము వెలువడిన యా 1821లోనే మరణించెను. ఆఱేండ్ల కాలములో ఆయన సాధించినదేమని పద్దు తిరుగవేయువారికి బాప్తిస్మసంఖ్య శూన్యమునకు సమీపముగా కన్పట్టును. గ్రంథము మాత్రము మిగిలెను.

1837 ఏప్రిలు 24వ తేదీన రేగిన యగ్ని సూరతులో మూడువంతుల భాగమును దహించెను. తొమ్మిదివేలకు పైబడిన యిండ్లు మసియయ్యెను. అదే యేట తపతి పొంగి మిగిలినదానిని ముంచెను. అట్టి దుఃఖనగరమున అలెగ్జాండరు ఫైవీ తన యన్న విలియం పనిని కొనసాగించి 1840లో కన్నుమూసెను. లండను సొసైటీకి చేయి సాలకపోయెను. 1846 ప్రాంతమున ఆ సేవను ఐర్లండు ప్రెస్బిటీరియనులకు అప్పగించిరి. వీరి కథ స్మరింపదగినది. ఆ సంఘపు మహాసభ 1840 జూలైలో బెల్ఫాస్టునందు మొట్టమొదట సమావేశమైన దినముననే ఇరువురిని, జేమ్సు గ్లాస్గో, అలెగ్జాండరు కెర్ అనువారిని, గుజరాతుదేశమునకు నియమించెను. తన యింటి పైకప్పు ఇంకను వేయకయే పరదేశమునకు దీపము పంపినట్లు! వారు 1841లో రాజకోట చేరిరి. కెర్ కొలదినెలలలోనే మరణించెను. మఱుసటియేట ఇంకను నలుగురు వచ్చిరి. సూరతును స్వీకరించిన నాటికి వారి స్వదేశమున బంగాళదుంప పంట కుళ్లి ఘోరక్షామము తాండవించుచుండెను. ఆ క్షామకాలమునను ఆ సంఘము గుజరాతు మిషనును విడువలేదు. ఐశ్వర్యమునుండి పుట్టిన దానముకన్న ఇట్టిదాని బరువు వేఱు.

పాఠశాలలు, అచ్చుకూటము, వీథిప్రసంగములు నగరమున చర్చలను లేపెను. 1839లో బొంబాయిలో జాన్ విల్సను పాదిరి బడిలో చదివిన పారసీక యువకు లిరువురు బాప్తిస్మము పొందగా బడి దాదాపుగా ఖాళీయయ్యెను. మన బందరులోను నోబులు పాదిరిగారి పాఠశాలలో 1852లో మంచాల రత్నము, అయినాల భూషణము అను విద్యార్థులు క్రైస్తవులైనపుడు ఇదే సంక్షోభము జరిగెను. తల్లులు గుమ్మములలో నేడ్చిరి. ఆ కన్నీటిని తేలికగా తీసికొనువాడు సువార్తను తెలిసికొన్నవాడు కాడు. కాని సంక్షోభమునకు ప్రతిస్పందనము ఏడ్పుతో ఆగలేదు. సూరతులో దుర్గారాం మెహతాజీ యను నుపాధ్యాయుడు, అంతకుముందే శిలాముద్రణయంత్రమును తెప్పించి పుస్తకప్రచారమునకు పూనుకొనియున్నవాడు, దాదోబా పాండురంగాదులతో కలసి 1844 జూను 22వ తేదీన మానవధర్మసభను స్థాపించెను. దేవు డొక్కడే యనియు, మానవజాతి యొక్కటే యనియు, భూతప్రేతములు వట్టివనియు, విధవావివాహము తప్పుకాదనియు ఆ సభలో బహిరంగముగ చర్చించిరి. బ్రహ్మసమాజముతరువాత, ప్రార్థనాసమాజమునకు ముందు, పశ్చిమభారతమున తలయెత్తిన తొలి సంస్కరణసభలలో అది యొకటి. పాదిరుల ప్రశ్నలు గాలిలో లేకున్న ఆ సభ అట్టి రూపమున, ఆ వేళకు పుట్టియుండునా యని నాకు సందేహము. మెహతాజీ క్రైస్తవుడు కాలేదు, కానవసరమును లేదు. ఒక విశ్వాసము తన్నుతాను బయలుపఱచుకొని బజారున నిలిచినపుడు, ఎదుటివాని విశ్వాసమును నిద్రలేచి తన యింటిని ఊడ్చుకొనును.

క్రైస్తవసంఘము గుజరాతున పెరిగిన దెక్కడ? పండితులలో కాదు, కోటీశ్వరులలో కాదు. నేతపనిచేయు వణకరులలోను, అస్పృశ్యులని దూరముంచబడిన యితర కులములలోను, పిమ్మట అడవులలోని భిల్లాది గిరిజనులలోను పెరిగెను. 1895లో అమెరికా బ్రెదరెను మిషనువారు బల్సారులో దిగి దక్షిణ గుజరాతు గిరిజనులమధ్య పనిచేసిరి. విక్రమశకము 1956 కావున ఛప్పనియా యని గుజరాతీలు నేటికిని వణకుచు చెప్పుకొను 1899-1900 నాటి మహాక్షామమున అనాథశిశువులను మిషనుబడులు చేరదీసెను. అన్నముకొఱకు మతము మార్చుకొనిరని అనువారు కలరు. ఆకలిగొన్న బిడ్డకు అన్నముపెట్టినవాని దేవుడు ఎవరని ఆ బిడ్డ అడుగుటలో తప్పేమున్నది? ఆ ప్రశ్నకు వచ్చిన యుత్తరము ప్రతియొక్కరి విషయమునను నిర్మలముగానే యున్నదని నేను చెప్పను. ఆశయు, భయమును, ఆశ్రయమును, విశ్వాసమును ఒకే గిన్నెలో కలిసి యుడికిన దినము లవి. మన ఒంగోలులో 1878లో క్లవు పాదిరిగారు, క్షామసహాయము నడచినన్నాళ్లు బాప్తిస్మము నాపి, అది ముగిసినపిమ్మట జూలై 3వ తేదీ నొక్కనాడే 2,222 మందికి బాప్తిస్మము జరిపించుట ఈ చిక్కు నెఱిగియే.

ఈ చరిత్రలోని నొప్పి బయటపడిన సందర్భ మొకటి చెప్పక తప్పదు. మహాత్ముడు తన యాత్మకథలో, రాజకోట ఉన్నతపాఠశాల సమీపమున ఒక పాదిరి నిలిచి హిందువులను, వారి దేవతలను దూషించుట తాను బాల్యమున విని సహింపలేకపోయితినని వ్రాసెను. ఆ భాగము యంగ్ ఇండియాలో వెలువడిన కొలదికాలమునకు, 1926లో, సూరతునుండి రెవరెండు స్కాటు అను వృద్ధ మిషనరీ యొక లేఖ వ్రాసెను. ఆ సంవత్సరములలో రాజకోటయందుండిన మిషనరీని నే నొక్కడనే. ఆ స్థలమున నేను ప్రసంగింపలేదు. అట్టి దూషణ నా మార్గము కాదు అని ఆయన భావము. గాంధీజీ లేఖను తన పత్రికయందే ప్రకటించి, తన జ్ఞాపకము మాత్రము నిక్కమైనదనియే చెప్పెను. ఎవరి జ్ఞాపకము సరియైనదో తీర్పరి యగుటకు నా కర్హత లేదు. కాని ఆ రెండు రచనలను ప్రక్కప్రక్కన నుంచి చదివినపుడు నాకు కలుగు వేదన వేఱు. నలువదియేండ్ల సేవ యొక ప్రక్క. ఒక బాలుని చెవిలో పడి నలువదియేండ్లు మానని గాయము మఱొక ప్రక్క. ఆ మాటలన్నవాడెవడైనను, వాడు తన యజమానుని సందేశమును మోయుచు త్రోవలో దానిని పగులగొట్టినవాడు. ఎదుటివాని దైవమును తిట్టుటకు క్రీస్తు ఎవ్వరిని పంపలేదు. లార్డు వినినట్లైన వినియుండిన, ఆంబ్రోజు నడచినట్లైన నడచియుండిన, గుజరాతు పుత్రులలో గొప్పవాని బాల్యస్మృతి వేఱొక విధముగ నుండెడిది.

నా మనస్సు మాత్రము బళ్ళారివైపు పోవుచున్నది. తెలుగును కన్నడమును కలిసి ప్రవహించు ఆ యూర, లండను మిషనుకు చెందిన యింట, 1820లో జోసఫు వాన్ సోమరెన్ టేలరు జన్మించెను. ఆయన యువకుడై గుజరాతునకు పోయి మొదట లండను సొసైటీలోను, పిమ్మట ఐరిషు మిషనులోను సేవచేసెను. స్కిన్నరు, ఫైవీలు ప్రారంభించిన బైబిలు భాషను దిద్దితీర్చగా 1861లో వెలువడిన ప్రతిని గుజరాతీ క్రైస్తవులు పాత తర్జుమా యని మిక్కిలి ప్రీతితో పిలుతురు. 1863లో కావ్యార్పణమను కీర్తనల సంపుటమును, 1867లో గుజరాతీ భాషావ్యాకరణమును ప్రకటించెను. ఆ వ్యాకరణమును బట్టియే గుజరాతీ పండితులు ఆయనను తమ వ్యాకరణమునకు పితయని గౌరవించిరి. తెలుగునకు బ్రౌను చేసిన యుపకారముతో దీనిని పోల్చవచ్చును. ఐతే బ్రౌను న్యాయాధికారి, టేలరు పాదిరి, చెప్పవలసిన మాట కంఠమున కడ్డుపడగా భాషను నేర్చినవాడు. ఆయన 1881లో మరణించెను. తన కీర్తనలను ఆయన గుజరాతీ ఛందస్సులలో, దేశీయ రాగములలో కట్టెను. ఆదివారపు ప్రాతఃకాలమున గుజరాతీ సంఘములలో ఆ కీర్తనలు నేటికిని లేచును. పాడువారిలో మగ్గముమీద బ్రతికిన వణకరుల మనుమలును, మనుమరాండ్రును కలరు. పుస్తకము తెఱవక పాడువారే వారిలో ననేకులు.